పతనమా, పాతనమా?

ఆంగ్లభాషలో ‘డిఫెనెస్ట్రేషన్’ అను మాట ఒకటి కలదు. నిత్యవ్యవహారములో దీనిని వాడువారు అరుదు. ఆంగ్లము మాతృభాషగా గలవారిలో సైతము ఈ మాటను జీవితములో ఒక్కసారియైనను పలుకనివారు ఎందరో ఉందురు. అయినను ఒకసారి దీని అర్థము విన్నవారు మరల మరచిపోరు. మనిషిని గాని, వస్తువును గాని కిటికీలోనుండి బయటికి విసరివేయుట అని దీనికి నిఘంటువులు అర్థము చెప్పుచున్నవి.

ఈ అర్థము వినగానే ఎవరికైనను నవ్వు వచ్చును. కిటికీలోనుండి మనుష్యులను పారవేయుట అంత తరచుగా జరుగు పనియా, దానికొక ప్రత్యేకమైన మాట కూడ కావలెనా అని సందేహము కలుగును. కాని భాషలో ఏ మాటయు ఊరక పుట్టదు. ఒక ఇంటి అటకమీద పెద్ద గుండిగ కనబడినచో, ఎప్పుడో ఆ ఇంట పెద్ద వంట జరిగి యుండవలెను. ఈ మాట కూడ అట్టిదే. దీనికి కారణమైన కిటికీని ఐరోపాలోని చెక్ దేశపు రాజధాని ప్రాగ్ నగరములో, కొండమీది కోటలో, యాత్రికులకు నేటికిని చూపుచున్నారు. ఆ గదిలోని కిటికీల నుండి 1618వ సంవత్సరములో ముగ్గురు మనుష్యులను త్రోసివేసిరి. ముగ్గురును బ్రతికిరి. కాని ఆ త్రోపుతో మొదలైన యుద్ధము ముప్పది ఏండ్లు సాగెను. అందులో పడిన లక్షలాది జనులు మరల లేవలేదు. నవ్వు పుట్టించు ఈ మాటకును, ఆ మహావినాశమునకును గల సంబంధమును నేడు ముచ్చటింపదలచినాము.

ముందుగా మాటను విప్పి చూతము. లాటిన్ భాషలో ‘ఫెనెస్ట్రా’ అనగా కిటికీ. ‘డి’ అను ఉపసర్గకు ‘నుండి’ అనియు, ‘క్రిందికి’ అనియు అర్థములు. ఈ రెండింటి కలయికయే మన మాట. ఫ్రెంచివారును, జర్మనులును కిటికీకి వాడు పదములు ఆ ఫెనెస్ట్రా సంతతిలోనివే. ఆంగ్లేయులు మాత్రము వాడుకకు ‘విండో’ అను మాటను ఉత్తర ఐరోపాకు చెందిన నార్సు భాషనుండి తెచ్చుకొనిరి. దానికి మూలార్థము ‘గాలి కన్ను’. మన సంస్కృతములో వాతాయనమనగా గాలి వచ్చు త్రోవ. గవాక్షమనగా ఆవు కన్ను. ఎంత దూరమున నున్న జాతులైనను కిటికీని చూచినప్పుడు వారికి తోచినవి గాలి, కన్ను అను ఈ రెండే యగుట వింతగా నున్నది. గాలి లోనికి వచ్చుటకును, చూపు వెలుపలికి పోవుటకును ఏర్పడినది కిటికీ. మనిషి పోవుటకు ద్వారము వేరుగా నున్నది. మనిషిని కిటికీ దారిన పంపుట ఎక్కడనైనను అపచారమే.

ఈ మాటను తెలుగు చేయవలసివచ్చినచో గవాక్షపాతనము అనవచ్చును. గవాక్షపతనము అనరాదు. పతనమనగా పడుట, పాతనమనగా పడవేయుట. మొదటిదానిలో పడినవాడు ఒక్కడే కనబడును. రెండవదానిలో వాని వెనుక మరియొక చేయి కనబడును. వ్రాతలో భేదము ఒక్క దీర్ఘమే. న్యాయస్థానములో మాత్రము ఆ ఒక్క దీర్ఘమే ప్రమాదమునకును హత్యకును గల భేదము. జర్మనులు ఇదే ఘటనను ‘ఫెన్‌స్టర్‌స్టుర్జ్’ అందురు. దానికి కిటికీ పడుపాటు అని అర్థము చెప్పవచ్చును. త్రోసినవాడు ఆ మాటలో లేడు. ఆంగ్లపదములో ఉన్నాడు. ఈ భేదమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. కథ చివర దీనితో పని యున్నది.

ఇక కథ. ప్రాగ్ నగరము బొహీమియా రాజ్యమునకు రాజధాని. ఆ రాజ్యములో యాన్ హుస్ అను మతాచార్యుడు క్రైస్తవ మఠాధిపతుల ధనాశను, దురాచారములను ఖండించుచు ప్రజలభాషలో బోధించుచుండెను. తన వాదమును వినిపించుటకు అతడు కాన్‌స్టన్స్ నగరములో జరుగుచున్న మతమహాసభకు వెళ్లెను. క్షేమముగా పోయి రావచ్చునని సిగిస్మండు రాజు అభయపత్రము నిచ్చి యుండెను. ఆ పత్రము అతనిని రక్షింపలేదు. సభవారు అతనిని బంధించి, విచారించి, 1415 జూలై 6వ తేదీన సజీవముగా దహనము చేసిరి. మాట ఇచ్చి తప్పిరన్న కోపము బొహీమియా ప్రజల గుండెలలో నిలిచిపోయెను.

నాలుగేండ్లు గడచినవి. 1419 జూలై 30వ తేదీ ఆదివారమునాడు యాన్ ఝెలివ్‌స్కీ అను పురోహితుడు హుస్ అనుయాయుల ఊరేగింపును నడిపించుకొనుచు ప్రాగ్ నగరములోని కొత్తపట్టణ సభాభవనము కడకు వచ్చెను. చెరలో నున్న తమవారిని విడువవలెనని వారి కోరిక. సభవారు అంగీకరింపలేదు. పైనుండి ఎవరో రాయి విసరిరని చెప్పుదురు. జనము తలుపులు పగులగొట్టి మేడమీదికి ఎక్కి, అక్కడ చిక్కిన సభాసదులను కిటికీలలోనుండి క్రిందికి విసరివేసిరి. క్రింద ఆయుధములతో వేచియున్న గుంపులో పడి వారు మరణించిరి. ఈ వార్త విన్న వెంకస్లాస్ రాజునకు తీవ్రమైన కలత కలిగెను. ఆగస్టు 16వ తేదీన అతడు కన్నుమూసెను. తరువాత పదునైదు ఏండ్లకు పైగా ఆ దేశము యుద్ధములతో అట్టుడికిపోయెను. ప్రాగ్ చరిత్రలో ప్రసిద్ధికెక్కిన మొదటి గవాక్షపాతనము ఇది. 1483లో మరల అట్టి అల్లరులు జరిగినవి. అప్పుడును నగరాధికారులకు కిటికీలే గతి అయినవి.

ఈ వరుస చూచిన పిమ్మట ఒక సంగతి స్పష్టమగుచున్నది. ఆ నగరములో కిటికీలోనుండి త్రోయుట ఆకస్మికమైన కోపము మాత్రమే కాదు. అది ఒక ఆనవాయితీ, ఒక తీర్పు. పీఠమెక్కి కూర్చున్నవారిని అదే ఎత్తునుండి అందరును చూచుచుండగా వీధిలోనికి దించుట. 1618లో జరిగిన దానిని ఈ వెలుగులోనే చూడవలెను.

ఆ నాటికి బొహీమియాను హాబ్స్‌బర్గ్ వంశపు రాజులు ఏలుచున్నారు. రాజులు కాథలిక్కులు. ప్రజలలోను, ప్రభువులలోను అధికసంఖ్యాకులు ఇతర క్రైస్తవశాఖలకు చెందినవారు. 1609 జూలై 9వ తేదీన రుడాల్ఫ్ చక్రవర్తి వారికి మతస్వేచ్ఛ నిచ్చుచు ఒక శాసనము వ్రాసి ఇచ్చెను. దానికి రాజముద్రాంకిత పత్రమని ప్రసిద్ధి. అది అతడు సంతోషముతో ఇచ్చినది కాదు. ప్రభువుల ఒత్తిడికి లొంగి ఇచ్చినది. అట్లు వచ్చిన వాగ్దానము ఎంతకాలము నిలుచును? రుడాల్ఫ్ తరువాత అతని తమ్ముడు మథియాస్ వచ్చెను. మథియాసునకు సంతానము లేదు. అతని పిమ్మట రాజ్యమునకు రాదగినవాడుగా 1617లో ఫెర్డినాండును ఎన్నుకొనిరి. ఫెర్డినాండు తన స్వంత దేశములో ఇతర మతశాఖలను వెడలగొట్టి పేరుమోసినవాడు.

ఇంతలో రెండు ఊళ్లలో ప్రార్థనామందిరముల తగవు ముదిరెను. బ్రౌమోవ్ అను ఊరిలోని మందిరమును మూయించిరి. హ్రోబ్ అను ఊరిలోని మందిరమును పడగొట్టిరి. ఆ భూములు మఠాధికారులవి గనుక శాసనము వానికి వర్తింపదని ఒక పక్షము. రాజునకు లోబడిన భూములే గనుక వర్తించునని రెండవ పక్షము. పత్రము ఒక్కటే, చదువుటలో భేదము. బొహీమియా ప్రభువులు సభ చేరి చక్రవర్తికి మొరపెట్టుకొనిరి. ఇకమీదట అట్టి సభలు చేరరాదని జవాబు వచ్చెను. ఆ జవాబు వియన్నాలో వ్రాసినది కాదనియు, ప్రాగ్ కోటలో నున్న రాజప్రతినిధులే దీనికి కర్తలనియు వారికి అనుమానము కలిగెను.

1618 మే 23వ తేదీ ఉదయమున తూర్న్ ప్రభువు మొదలైనవారు గుంపుగా కోటలోని కార్యాలయమునకు ఎక్కిపోయిరి. నలుగురు రాజప్రతినిధులు అక్కడ నుండిరి. ఆ జవాబు వ్రాయుటలో మీ చేయి ఉన్నదా, లేదా అని ప్రశ్నించిరి. ప్రతినిధులు సూటిగా సమాధానము చెప్పక జాగు చేసిరి. నలుగురిలో ఇద్దరు సాధుస్వభావులని ఎంచి వారిని వెలుపలికి పంపివేసిరి. మిగిలిన ఇద్దరు యారోస్లావ్ మార్టినిట్స్, విలెం స్లావతా. శాసనమునకు శత్రువులని వీరిమీద మొదటినుండియు పగ యున్నది. ముందు మార్టినిట్స్‌ను ఎత్తి కిటికీలోనుండి విసరిరి. తరువాత స్లావతాను. అతడు కిటికీ అంచును పట్టుకొని వ్రేలాడుచుండగా కత్తిపిడితో వ్రేళ్లమీద మోదిరని చెప్పుదురు. చివరకు అక్కడనున్న ఫిలిప్ ఫాబ్రిషియస్ అను వ్రాయసకానిని కూడ వారి వెంబడి పంపిరి. శాసనములతోను, మతములతోను అతనికి గల సంబంధము జీతము పుచ్చుకొని కాగితములు వ్రాయుట ఒక్కటే. పెద్దల తగవులో చిన్న ఉద్యోగి కిటికీలోనుండి పడుట అన్ని దేశములలోను జరుగునదే.

ఎత్తు సుమారు 70 అడుగులు. చచ్చిరనుకొన్నవారు లేచిరి. స్లావతా తలకు గాయమైనది. పైనుండి తుపాకులు కాల్చిరి గాని గురి తప్పినది. ముగ్గురును తప్పించుకొని పోయిరి. ఫాబ్రిషియస్ వియన్నాకు పోయి చక్రవర్తికి ఈ సమాచారమును అందజేసెను. తరువాత అతనికి ప్రభుత్వమువారు కులీనపదవి నిచ్చిరి. ఆ బిరుదములో ‘ఎత్తైన పడుపాటు’ అను అర్థమిచ్చు మాటను చేర్చిరి. పడుటయే వంశనామమైన మనిషి చరిత్రలో మరియొకడు ఉండెనో లేదో!

వీరు ఎట్లు బ్రతికిరి? దీనికి రెండు సమాధానములు వెంటనే బయలుదేరినవి. కన్య మరియమ్మయు, దేవదూతలును వారిని చేతులతో పట్టి దించిరని కాథలిక్కులు చెప్పిరి. కోటక్రింద పెంటకుప్ప ఉండెను, దానిలో పడిరని ఎదుటిపక్షమువారు చెప్పిరి. రెండును కరపత్రములలోనికి ఎక్కినవి. ఆ కాలమునకు అచ్చుయంత్రము ప్రచారసాధనముగా పదునెక్కి యున్నది. ఒక పక్షము చిత్రములో మేఘములు, రెండవ పక్షము కథలో పెంట. గోడక్రింద నేల ఏటవాలుగా నుండుటయు, వారు ధరించిన దళసరి దుస్తులును కారణములై యుండవచ్చునని చరిత్రకారుల ఊహ. దేవదూతల కథలో గాని, పెంటకుప్ప కథలో గాని ఒక వాగ్దానమును ఎట్లు నిలుపుకొనవలెనన్న అసలు ప్రశ్నకు చోటు లేకపోయినది. జనము నవ్వుచు ఉన్నంతలోనే యుద్ధము వచ్చి పడినది.

తరువాతి చరిత్ర దీర్ఘమైనది. ముఖ్యమైన మెట్లను మాత్రము చెప్పుదుము. 1619 ఆగస్టులో బొహీమియావారు ఫెర్డినాండును తొలగించి, జర్మనీలోని ఫ్రెడరిక్ అను యువప్రభువును రాజుగా ఎన్నుకొనిరి. అతని భార్య ఎలిజబెత్ ఇంగ్లండు రాజైన మొదటి జేమ్సు కుమార్తె. అందుచేత లండనులో జనులు ఈ దూరదేశపు వార్తలకు చెవి యొగ్గిరి. ఆంగ్లభాషలోనికి ఈ మాట వచ్చుటయు 1618 నాటి ఈ ఘటనతోనే ముడిపడియున్నది. ఫ్రెడరిక్ రాజ్యము ఒక శీతకాలము దాటి నిలువలేదు. చరిత్రలో అతనికి ‘శీతకాలపు రాజు’ అను పేరు మిగిలినది. 1620 నవంబరు 8వ తేదీన ప్రాగ్ ప్రక్కనున్న తెల్లకొండ వద్ద యుద్ధము కొద్ది గంటలలో ముగిసెను. బొహీమియా ఓడిపోయెను.

1621 జూన్ 21వ తేదీన ప్రాగ్ పాతపట్టణపు కూడలిలో 27 మందికి మరణశిక్ష అమలు జరిగెను. వారిలో విశ్వవిద్యాలయాధ్యక్షుడైన యాన్ యెసేనియస్ ఒకడు. ఆయన వైద్యుడు. 1600లో ప్రాగ్ నగరములో బహిరంగముగా శవపరీక్ష చేసి చూపి శరీరశాస్త్రమును బోధించిన పండితుడు. తల తీయుటకు ముందు ఆయన నాలుకను కోసిరి. వాదించిన నాలుక గదా! చంపబడినవారిలో 12 మంది తలలను వంతెన బురుజుమీద వ్రేలాడదీసిరి. పది ఏండ్లు అవి అక్కడనే ఉండెను. నేడు ఆ కూడలిలో నేలపై 27 తెల్లని శిలువగుర్తులు కనబడును. విపణివీధికి వచ్చిపోవు జనము వానిమీదుగానే నడచుచున్నారు.

1627లో వచ్చిన కొత్తశాసనము రుడాల్ఫ్ పత్రమును రద్దు చేసెను. రాజు మతమును స్వీకరింపనివారికి దేశత్యాగమే గతి అయినది. అట్లు 1628లో ఇల్లు విడిచి పోయినవారిలో కొమీనియస్ ఒకడు. బొమ్మలతో పిల్లలకు పాఠములు చెప్పు పద్ధతికి దారిచూపిన విద్యావేత్తగా ప్రపంచము ఆయనను ఎరుగును. ఆయన మరల స్వదేశమును చూడలేదు. కిటికీలోనుండి ముగ్గురిని త్రోసిన దేశమునుండి వేలాది కుటుంబములు ద్వారములు మూసి, మూటలు కట్టుకొని వెళ్లిపోయినవి.

యుద్ధము బొహీమియాతో ఆగలేదు. డెన్మార్కు, స్వీడన్, స్పెయిన్, ఫ్రాన్సు ఒక్కొక్కటిగా దిగినవి. మతము పేరుతో మొదలైనది రాజ్యముల పెనుగులాటగా మారినది. సైన్యములు పోయినచోటనెల్ల కరవు, తెగులు వెంటబోయినవి. చనిపోయినవారి సంఖ్య 45 లక్షల నుండి 80 లక్షల వరకు ఉండునని అంచనాలు. ఇందులో కత్తికి బలియైనవారికంటె ఆకలికిని, రోగములకును బలియైనవారే ఎక్కువ. 1648 వేసవిలో స్వీడను సైన్యము ప్రాగ్ కోటను పట్టి దోచుకొనెను. వంతెనమీద పోరు సాగుచుండగనే అక్టోబరు 24వ తేదీన వెస్ట్‌ఫాలియా సంధి జరిగెను. ఏ కోట కిటికీ కడ మొదలైనదో ఆ కోట క్రిందనే యుద్ధము ముగిసెను. ఆ నాటికి పడిన స్లావతా, మార్టినిట్స్ ఇద్దరును జీవించియే యుండిరి. మార్టినిట్స్ 1649లోను, స్లావతా 1652లోను మరణించిరి.

ఇంతటి రక్తము వెనుకనున్న మాట నేడు ఎట్లు వాడబడుచున్నదో చూతము. కిటికీలోనుండి త్రోయుట ప్రాగ్ నగరమునకే సొంతము కాదు. బైబిలులో యెజెబెలు రాణిని ఆమె సేవకులే కిటికీలోనుండి క్రిందికి పడద్రోసిరి. 1572లో పారిస్ నగరపు మారణకాండలో కోలిన్యీ అను నౌకాదళాధిపతిని పొడిచి, కిటికీలోనుండి వీధిలోనికి విసరిరి. ఈ రెండింటికిని ఆ మాట చక్కగా వర్తించును. మన దేశచరిత్రలో 1562లో అక్బరు పాదుషా తన మంత్రిని చంపిన అధమ్ ఖానును ఆగ్రా కోటలో మిద్దెమీదినుండి త్రోయించెను. ప్రాణము పోలేదని తెలిసి పైకి తెప్పించి మరల త్రోయించెను. ఘోరములో ఇది దేనికిని తీసిపోదు. కాని మిద్దెకు కిటికీ లేదు గనుక మాటకు ఖచ్చితమైన అర్థము చెప్పువారు దీనిని గవాక్షపాతనమని ఒప్పుకొనరు. పదము కిటికీనే చూచును, మనిషిని చూడదు.

ఇటీవలి కాలమున ఈ మాట కార్యాలయములలోనికిని, పత్రికలలోనికిని ప్రవేశించినది. పదవినుండి ఒక నాయకుని అవమానకరముగ, హఠాత్తుగ తొలగించినప్పుడు ఆంగ్లపత్రికలవారు ఈ మాటను వాడుచున్నారు. నామవాచకము ముందు పుట్టి, దానినుండి క్రియ తరువాత పుట్టినది. కంప్యూటర్లలో ‘విండోస్’ను తీసివేసి వేరొక వ్యవస్థను పెట్టుకొనువారు సైతము పరిహాసమునకు దీనినే వాడుదురు. కోటనుండి మొదలైన మాట మేజామీదికి వచ్చి చేరినది.

ఆంగ్లేయులను చూచి మనము నవ్వనక్కరలేదు. ఈ విద్య మన భాషకును తెలియును. మెడమీద చేయివేసి మనిషిని గెంటుటకు మనవారు అర్ధచంద్రప్రయోగమని పేరు పెట్టిరి. బొటనవ్రేలును చూపుడువ్రేలును విచ్చినప్పుడు చేయి అర్ధచంద్రాకారము దాల్చును గనుక ఆ పేరు. వినుటకు ఎంత సొగసుగ నున్నది! గెంటబడినవాని మెడకు మాత్రము ఆ సొగసు తెలియదు. అట్లే పూజ ముగిసిన పిమ్మట దేవతను సాగనంపుటకు చెప్పు ఉద్వాసనను, పొట్టకూటి ఉద్యోగమునుండి మనిషిని తీసివేయుటకు వాడుచున్నాము. మోటపనికి పట్టుబట్ట చుట్టుట మనుష్యజాతి అలవాటు. పేరు పండితమైనకొలది పని తేలికగ కనబడును. లాటిన్ మాటలో బరువు నాలుకమీద నున్నది గాని గుండెమీద లేదు. అందుచేతనే అది ఇంత సులభముగ నవ్వు పుట్టించుచున్నది.

ఇప్పుడు మొదట మేము చెప్పిన దీర్ఘమునకు వత్తుము. రెండవ ప్రపంచయుద్ధకాలమున చెక్ దేశము జర్మను నాజీల అధీనములో నుండెను. ఆ దేశపు విదేశాంగమంత్రి యాన్ మసారిక్ లండనులో ప్రవాసముండి, అక్కడి రేడియోద్వారా స్వదేశీయులతో మాటలాడుచుండెను. పరదేశపు ప్రసారములు వినుట నాజీల శాసనములో మరణశిక్షకు సైతము తగిన నేరము. ప్రతి రేడియో యంత్రమునకును ఆ హెచ్చరికను వ్రాసిన అట్టముక్క తగిలించి యుండవలెను. అయినను జనులు వినిరి. తలుపులు బిగించి, కిటికీలు మూసి, ధ్వని తగ్గించి, యంత్రమునకు చెవి ఆనించి ఆ హాస్యప్రియుని గొంతును వినిరి. నేడు మన ఇండ్లలో మీట త్రిప్పి నిర్భయముగ వినుచున్న మనకు ఆ వినుట ఎట్టిదో ఊహించుట కష్టము.

యుద్ధము ముగిసినది. మసారిక్ స్వదేశమునకు తిరిగివచ్చి మంత్రిగా కొనసాగెను. 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టులు ప్రభుత్వమును తమ చేతిలోనికి తీసుకొనిరి. మార్చి 10వ తేదీ ఉదయమున ప్రాగ్ నగరములో విదేశాంగశాఖ నెలకొనియున్న చెర్నిన్ ప్రాసాదపు లోపలి ముంగిట మసారిక్ శరీరము కనబడెను. పైన ఆయన నివాసపు స్నానగృహపు కిటికీ తెరచియున్నది.

ఆయన దుమికెనా? పడెనా? త్రోయబడెనా? ఆత్మహత్యయని నాటి ప్రభుత్వము ప్రకటించెను. ఆ ప్రకటనను నమ్మనివారు ఎందరో యుండిరి. 1968లో మరల విచారణ జరిగెను. 2000 తరువాత జరిగిన మరియొక విచారణలో పోలీసులు హత్యయని నిర్ణయించిరి. 2019లో తిరిగి తెరచిన విచారణ 2021లో నిశ్చయమైన తీర్పు లేకయే ముగిసెను. ఏడు దశాబ్దములు గడచినను ఆ దేశము ఒక్క అక్షరపు దీర్ఘమును గూర్చి తర్కించుచున్నది. పతనమా, పాతనమా?

ఆంగ్లములో మసారిక్ మరణమును కొందరు మూడవ గవాక్షపాతనమనియు, 1483 నాటి దానిని లెక్కించువారు నాల్గవదనియు పేర్కొందురు. ఆ పేరు పెట్టుటతోడనే త్రోసినవాడు ఉన్నాడని వారు చెప్పినట్లైనది. సాక్ష్యము చెప్పలేని దానిని మాట చెప్పివేసినది. చరిత్ర వ్రాయువారు ఇచ్చటనే మెలకువతో నుండవలెను. నిశ్చయముగ తెలిసినచోట పడవేసినవాని పేరు దాచరాదు. 1618 నాటి దానిని పడుపాటు అని వ్రాసినచో త్రోసిన చేతులను దాచినట్లగును. తెలియనిచోట ఒక దీర్ఘమును చేర్చి తీర్పు చెప్పరాదు. చేర్చకుండుటతో సత్యమును వెదకు పని ముగిసిపోయినదనియు తలపరాదు.

ఇక ఈ మాటను వాడదలచిన విద్యార్థులకు మా సలహా ఒక్కటే. పాత సామానును కిటికీలోనుండి పారవేసినప్పుడు పరిహాసముగ వాడుడు, తప్పు లేదు. పదవులు పోయిన నాయకులను గూర్చి వాడుడు, వారు ఓర్చుకొందురు. కాని నిజముగ ఒక మనిషి కిటికీ క్రింద పడియున్నప్పుడు ఈ మాటను ప్రక్కనబెట్టి, తేలికైన మాటలలో జరిగినది జరిగినట్లు చెప్పుడు. ఎవరు త్రోసిరి, ఎవరిని త్రోసిరి, ఎందుకు త్రోసిరి అని చెప్పుడు. లాటిన్ పదము అడుగని ప్రశ్నలు అవియే. ప్రాగ్ నగరపు కిటికీలు నేటికిని మనలను అడుగుచున్నవియు అవియే.